ఎంత కాలము? ఎట్టి కాలము?

(ఇచ్ఛాపురమున జరిగిన స్మారకసభలో చేసిన ఉపన్యాసమునకు ముద్రితపాఠము)



ఎవరి సంస్మరణార్థమై మనమీ సాయంకాలము ఇచ్చట సమావేశమైతిమో వారి పేరును సభలో గాని అచ్చులో గాని పేర్కొనవలదని వారి కుటుంబము నన్ను కోరినది. ఆ కోరికను మన్నించుట నాకు కష్టము గాదు. ఏలయన, బాహుదానదీతీరమున నున్న మూడు తరముల వారికి వారు ‘మాష్టారు’ మాత్రమే. ఉద్దానపు పల్లెలలో తెలుగు బోధించి, కొబ్బరితోటల నీడలో పెరిగిన పిల్లలచేత పద్యములు వల్లె వేయించి, ఉద్యోగము విరమించిన పిదప కూడ అరుగు మీద పాఠము మానని ఆ పెద్దమనిషి, రక్తమునకు సంబంధించిన క్యాన్సరుతో కొన్నియేండ్లు పోరాడి, తుదకు ఆ పోరాటము ఇంతటితో చాలునని తానే నిశ్చయించుకొని, తన యింట, తన మంచము మీద, తనవారి నడుమ కన్నుమూసెను. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పుట్టిన సీమలో, వాడుకభాష జయించిన ఇన్ని దశాబ్దముల తరువాత, నేనీ పాతబడిన వచనములో మాటలాడుట కొందరికి విడ్డూరముగా తోపవచ్చును. మాష్టారు నాకు నేర్పిన వచనమిదియే గావున ఈ యొక్క పూటకు దీనిని సహింపుడని వేడుచున్నాను.

వారి పాండిత్యమును గూర్చి చెప్పుటకు నాకంటె అర్హులు ఈ సభలో పలువురు కలరు. నేను చెప్పదలచినది వారి చివరి సంవత్సరమును గూర్చి. అంతకంటె ముఖ్యముగా, ముదిరిన రక్తవ్యాధితోనున్న తల్లికో తండ్రికో అండగా నిలువవలసి వచ్చిన కొడుకులు, కూతుళ్లు, కోడండ్రు ఎదుర్కొను ఒక ప్రశ్నను గూర్చి. నేను వైద్యుడను కాను. అయినను వైద్యులు చెప్పిన దానిని శ్రద్ధగా వినుట, విన్నదానిని నలుగురికి అర్థమగునట్లు చెప్పుట ఉపాధ్యాయుల పని. ఆ పనినే నేడు చేయుచున్నాను.

మొదట వ్యాధి స్వరూపమును కొంచెము చూతము. మనము ‘బ్లడ్ క్యాన్సరు’ అని ఒక్క మాటలో చెప్పుకొనునది నిజమునకు ఒక్క వ్యాధి గాదు. తెల్లకణములు హద్దు మీరి పెరుగు ల్యుకీమియా, రసగ్రంథులలో పుట్టు లింఫోమా, ఎముకమూలుగలోని ప్లాస్మాకణములు చెడిపోవుటచే కలుగు మైలోమా మొదలగునవి అన్నియు ఆ పేరు క్రిందికే వచ్చును. మాష్టారికి వచ్చినది మైలోమా. ఆ చెడిన కణములు మూలుగను ఆక్రమించి మంచిరక్తము పుట్టకుండ చేయును; ఎముకలను తొలిచి, అందలి కాల్షియమును రక్తములోనికి వదలును; అవి ఉత్పత్తి చేయు వికృతమైన ప్రోటీను మూత్రపిండములలోని సన్నని నాళములను పూడ్చివేయును. కావున ఈ వ్యాధి క్యాన్సరు రూపమున గాక, నడుమునొప్పిగా, నీరసముగా, కిడ్నీజబ్బుగా మనయెదుట నిలుచును.

ఇక్కడనే మన ఉద్దానపు దురదృష్టము కలదు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో కారణము తేలని మూత్రపిండవ్యాధి ఎన్ని గడపలను ఖాళీ చేసినదో మీకు నేను చెప్పనక్కరలేదు. మూత్రపిండముల స్థితిని తెలుపు రక్తపరీక్షయైన ‘క్రియాటినైను’ అనుమాట తెలియని అవ్వ ఈ తీరమున లేదు. పొరుగువారు కుశలమడిగినట్లు ఆ సంఖ్యను అడిగెదరు. ఇట్టిచోట ఒక వృద్ధునకు నడుము నొచ్చి, ముఖము పాలిపోయి, క్రియాటినైను పెరిగినదన్న, ‘మన ఊరి జబ్బే’ అని అందరును తీర్మానించుట సహజము. మాష్టారి విషయమునను అట్లే జరిగినది. నడుమునొప్పికని ఆయన మింగుచు వచ్చిన బిళ్లలు అసలే దెబ్బతిన్న మూత్రపిండములను మరింత కుంగదీసినవి. ఎముకనొప్పి, రక్తహీనత, మూత్రపిండముల బలహీనత, ఈ మూడును ఒక పెద్దవయసు మనిషిలో కలిసి కనబడినపుడు రక్తములోని ప్రోటీను పరీక్షను, అవసరమైనచో మూలుగ పరీక్షను చేయించుమని అడుగుట మంచిది. ఈ ఒక్క వాక్యము ఈ సభనుండి పది ఇండ్లకు చేరినను నా శ్రమ ఫలించినట్లే.

రక్తపు క్యాన్సరునకు మందు అనునది లోకమున లేని కాలమున ఆ దారిని తెరచిన వారిలో ఒకరు మన తెలుగువారు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, తమ అన్నగారిని స్ప్రూ అను జీర్ణవ్యాధి బలిగొనుట కండ్లార చూచి, వైద్యవిద్య నభ్యసించి, సముద్రములు దాటి అమెరికా చేరిరి. అచ్చటి లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయించి, దానికి ఎదురుగా పనిచేయు పదార్థములను కూడ చేయించిరి. వానిలో ఒకటైన అమినాప్టెరినును బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు తీవ్రమైన ల్యుకీమియాతోనున్న 16 మంది పిల్లలకిచ్చి చూడగా 10 మందిలో వ్యాధి వెనుకకు తగ్గినది. 1948 జూనులో ఆ సంగతిని ప్రకటించుచు ఫార్బరు, అది తాత్కాలికమైన ఉపశమనమేయని వ్యాసపు శీర్షికలోనే స్పష్టముగా చెప్పెను. ఆ యేడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు గతించిరి. తాము నాటిన చెట్టు ఎంత ఎదుగునో చూచుటకు వారికి ఆయువు చాలలేదు.

ఆ చెట్టు ఎదిగినది. పూర్తి చికిత్స అందినచోట నేడు ల్యుకీమియా సోకిన పిల్లలలో అధికసంఖ్యాకులు బ్రతికి బట్టకట్టుచున్నారు. 2001లో వచ్చిన ఇమాటినిబు అను బిళ్ల ఒకజాతి ల్యుకీమియాను దీర్ఘకాలము అదుపులో నుంచగల వ్యాధిగా మార్చినది. మన హైదరాబాదులోని నాట్కో సంస్థ 2003లో దానిని తక్కువ వెలకు తయారుచేసి బీదవారికి అందుబాటులోనికి తెచ్చినది. మైలోమాకును బోర్టెజోమిబు, లెనాలిడోమైడు వంటి మందులు కొన్ని మంచి సంవత్సరములను సంపాదించి పెట్టుచున్నవి. మాష్టారును ఆ సంవత్సరములను అనుభవించినవారే. మొదటి మందుతో లేచి కూర్చుండి, కర్ర లేకుండ రైల్వేస్టేషను వరకు నడచి వచ్చినవారే. అయితే మైలోమా సాధారణముగా తిరిగి వచ్చును. వచ్చిన ప్రతిపర్యాయము మందు పనిచేయు కాలము మునుపటికంటె కురచయగుట కద్దు.

ఈ వ్యాధుల కష్టమంతయు ఇందే యున్నది. గడ్డగా పెరుగు క్యాన్సరులో మనిషి దినదినము క్షీణించుట ఇంటివారి కంటికే కనబడును. రక్తవ్యాధిలో అట్లుగాదు: నేడు లేవలేని వానికి ఒక సీసా రక్తమెక్కించిన రేపు లేచి కాఫీ అడుగును, ఆ మరునాడు జ్వరము తగిలి, ఒక్క వారములో ప్రాణము మీదికి వచ్చును. అందుచేత వైద్యునకును, కుటుంబమునకును, ‘ఇంకొక్కసారి చూతము’ అని అనిపించుచునే యుండును. ప్రపంచమంతటను రక్తపు క్యాన్సరు రోగులు హాస్పిసు సేవను ఇతర క్యాన్సరు రోగులకంటె ఆలస్యముగా, తక్కువగా పొందుచున్నారని వైద్యులు చెప్పుటకు ఇదియొక ముఖ్యకారణము.

రెండవమారు వ్యాధి తిరుగబెట్టినపుడు మాష్టారింట జరిగిన సంభాషణకు నేను సాక్షిని. పెద్దకుమారుడు దూరదేశము నుండి ఫోనులో కనబడుచున్నాడు. రెండవవాడు హైదరాబాదునుండి వచ్చి గుమ్మమున నిలుచున్నాడు. కూతురు తండ్రి కాళ్లకు దిండు సవరించుచున్నది. మూడవ వరుస మందు ఒకటి కలదనియు, నగరములోని పెద్ద ఆసుపత్రిలో చేర్చిన ఫలితముండవచ్చుననియు, డబ్బునకు వెనుదీయవలదనియు పెద్దవాడు ఆవేశముతో చెప్పెను. అంతయు విని మాష్టారు, వ్యాకరణములో సందేహము అడిగినంత నెమ్మదిగా, రెండే ప్రశ్నలు వేసిరి: “ఆ మందు ఫలించినయెడల ఎంత కాలము? ఎట్టి కాలము?” ఎవ్వరును సమాధానము చెప్పలేదు. మరునాడు అవే ప్రశ్నలను కాగితము మీద వ్రాసికొనిపోయి వైద్యుని అడిగిరి. వైద్యుడు నిజాయితీపరుడు, మందు పనిచేయు అవకాశము తక్కువయనియు, చేసినను మాసములే గాని సంవత్సరములు గావనియు, ఆ మాసములలో అధికభాగము ఆసుపత్రిలోనో, ఆసుపత్రికి పోవు దారిలోనో గడచుననియు చెప్పెను. మాష్టారు తల యూపి, “అయినచో ఇంటిలోనే గడిపెదను” అనిరి.

ఆ రెండు ప్రశ్నలను మీరు కంఠస్థము చేయుడు. మొదటి దానిని అందరును అడుగుదురు. రెండవదానిని అడుగువారు అరుదు. అడుగుటకు అర్హుడైనవాడు రోగి యొక్కడే గావున, అతనిచేత అడిగించుట పిల్లల ధర్మము.

ఇందుకు అడ్డుపడు ఆచారము మనలో ఒకటి కలదు. రోగికి తప్ప ఊరందరికి రోగము పేరు చెప్పుదుము. పెద్దవారి మనసు కలతపడునని మన భయము. సోంపేట ప్రాంతమున ఒక రైతుతల్లి, ల్యుకీమియాతో మంచము పట్టియుండి, తన యెదుట మాటలు మార్చుచున్న కొడుకుతో, “నా జబ్బు పేరు ఊరంతటికీ తెలుసు, నాకే తెలీదేటి బాబూ?” అన్నదట. ఆమెకు తెలియును, తెలియనట్లు నటించు భారము కూడ వ్యాధి భారమునకు తోడు ఆమెపైనే పడినది. నిజమును ఒక్కసారిగా నెత్తిన వేయవలెనని నేననను. ‘మీకేమి తెలిసినది? ఇంకను తెలిసికొనవలెనని యున్నదా? ఏమి జరిగిన మీకు మిక్కిలి బాధ? ఏమి జరిగిన తృప్తి?’ అని మెల్లగా అడుగుచు పోయినయెడల, ఎంతవరకు చెప్పవలెనో వారే మనకు చెప్పుదురు.

ఇక దూరముననున్న బిడ్డలను గూర్చి. ఈ తీరము వలసల తీరము. ఒకప్పుడు రంగూనుకు పోయిరి. నేడు హైదరాబాదునకు, పోర్టుబ్లెయిరునకు, గల్ఫుదేశములకు పోవుచున్నారు. దూరముననున్న కొడుకు ప్రేమ తక్కువది కాదు. కాని చేతితో చేయుటకు ఏమియు లేనందున ఆ ప్రేమ అంతయు చికిత్సను కోరును, ఇంకొక ఆసుపత్రిని కోరును, డబ్బు పంపుటకు త్వరపడును. రాత్రులు మేలుకొని, పక్కలు మార్చి, వాంతులెత్తిన కూతురి ప్రేమ తండ్రికి ఒక్క రాత్రి నిద్రను కోరును. నిర్ణయము పెద్దకొడుకుది, చాకిరి ఆడపిల్లది అను మన ఆచారము న్యాయము గాదు. రోగి మాట మొదటిది. సేవచేయువారి మాట రెండవది. తక్కినవారి మాట ఆ తరువాతిది.

రామాయణమున దశరథుడు మరణించునాటికి నలుగురు కొడుకులలో ఒక్కడును దగ్గర లేడు. రామలక్ష్మణులు అడవిలోను, భరతశత్రుఘ్నులు మేనమామ ఇంటను ఉండిరి. భరతుడు వచ్చువరకు రాజదేహమును తైలద్రోణిలో భద్రపరచిరి. నేడు ఉద్దానపు పల్లెలలో తైలద్రోణికి బదులు అద్దెకు తెచ్చిన ఫ్రీజరుపెట్టె వరండాలో నిలుచుచున్నది; విమానము దిగి, రైలెక్కి, కొడుకు వచ్చువరకు ఇంటివారు దాని చుట్టు కూర్చుండుచున్నారు. భరతునకు ముందుగా కబురందలేదు. మనకు ఫోనులున్నవి. పనిచేయుచోట దొరకు సెలవు ఒక్కటే యైనయెడల, దానిని పదునొకండవ నాటికి గాక, తండ్రి ఇంకను మాటలాడుచున్న నాటికి వాడుకొనుడు. మాష్టారి పెద్దకుమారుడు ఆ పని చేసెను. చివరి మాసములో వచ్చి, మూడు వారములు తండ్రి మంచము ప్రక్కనే పండుకొనెను. తిరిగి పోవునాటికి వాదించుట మానెను.

హాస్పిసు అనగానేమి? వ్యాధిని జయించు ఆశ సన్నగిల్లినపుడు, రోగియొక్క నొప్పిని, ఆయాసమును, భయమును, కుటుంబముయొక్క అలసటను చికిత్సకు లక్ష్యముగా పెట్టుకొను వైద్యవ్యవస్థ. అది ఒక భవనము కావచ్చును. ఇంటికే వచ్చు నర్సు కావచ్చును. నర్సుగా పని మొదలిడి, పిదప వైద్యురాలైన సిసిలీ సాండర్సు 1967లో లండనునందు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసును స్థాపించి, నొప్పి శరీరమునకు మాత్రమే గాక మనసునకు, సంసారమునకు, విశ్వాసమునకు కూడ సంబంధించినదని లోకమునకు బోధించినది. మనదేశమున మొదటిదైన శాంతి అవేదన సదనము 1986లో బొంబాయిలో వెలసినది. 1993లో కోళిక్కోడున డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్ గారు, వారి మిత్రులు ప్రారంభించిన పాలియేటివ్ (ఉపశమనచికిత్స) సంఘము కేరళమంతట వ్యాపించి, 2008లో ఆ రాష్ట్రము దీనికొక ప్రభుత్వవిధానమునే ప్రకటించునంతటి ఉద్యమమైనది. మన తెలుగునేలను హైదరాబాదులోని ఎం. ఎన్. జె. క్యాన్సరు ఆసుపత్రిలో డాక్టరు గాయత్రీ పాలట్ గారి కృషిచే ఈ సేవ వేళ్లూనినది. 2011లో బంజారాహిల్స్ రోటరీవారి పూనికతో స్పర్శ్ హాస్పిసు ఏర్పడి, ఉచితముగా సేవ చేయుచున్నది. మనకు సమీపమున, విశాఖ ప్రక్క అగనంపూడిలో, టాటా మెమోరియల్ వారి హోమీభాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు.

మరణింపబోవువానికి ఒక చోటు కల్పించుట మన సంప్రదాయమునకు కొత్త గాదు. కాశీవాసమునకు పోయి అచ్చటనే కన్నుమూసిన పెద్దలు మన వంశములలో ఎందరో కలరు. కాశీసత్రమున ప్రశాంతి యుండెను, నామస్మరణ యుండెను. నొప్పికి మందు మాత్రము లేకుండెను. హాస్పిసునందు ఆ కొరత తీరినది. తల్లిదండ్రులను హాస్పిసు సంరక్షణకు అప్పగించుట వారిని వదలివేయుట యనువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

రక్తవ్యాధి రోగులకు ఇచ్చట ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. వారిలో చాలమందికి రక్తమెక్కించుటయే ఊపిరి. ఎర్రకణములను శీతలపేటికలో నెలకు పైగా నిలువయుంచవచ్చును. ప్లేట్‌లెట్లను మాత్రము గది ఉష్ణోగ్రతలో, నిరంతరము కదలించుచు, సుమారు అయిదు దినములకంటె ఎక్కువ ఉంచరాదు. కావున అవి చిన్న ఊళ్లలో దొరకవు. ఇచ్ఛాపురమునుండి శ్రీకాకుళము పోయి రక్తమెక్కించుకొని వచ్చుట రోగికి ఒక పూర్తిదినపు ప్రయాస. బరంపురము దగ్గరయైనను నిరీక్షణ తప్పదు. ఇంటివద్ద సేవచేయు బృందములు రక్తమెక్కించలేవు గనుక, ‘హాస్పిసు అనిన రక్తము మానుటయే’ అని భయపడి పలువురు దాని జోలికే పోరు. మాష్టారు దీనిని గూర్చియు తన రెండవ ప్రశ్ననే వేసికొనిరి. ఒకసారి ఎక్కించిన రక్తము పదిదినములు అరుగుమీద కూర్చుండు శక్తినిచ్చినంతకాలము పోయి వచ్చిరి. ఆ శక్తి రెండు దినములకు తగ్గి, ప్రయాణపు అలసట తీరుటకే ఆ రెండు దినములు చాలనపుడు, మానిరి. మానుమని ఎవ్వరును చెప్పలేదు; మానినందుకు ఎవ్వరును నిందింపలేదు. మానిన పిదప ఆయాసమునకు, ఆందోళనకు మందులున్నవి. వానిని ముందుగానే ఇంటిలో నుంచుకొనవలెను.

నొప్పి సంగతి వేరుగా చెప్పవలసియున్నది. తీవ్రమైన క్యాన్సరునొప్పికి మార్ఫిను ప్రధానౌషధమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986నుండి చెప్పుచునే యున్నది. చట్టబద్ధముగా నల్లమందు పండించి పరదేశములకు పంపు మనదేశమున, 1985నాటి మాదకద్రవ్యముల చట్టపు నిబంధనలకు జడిసి ఆసుపత్రులు మార్ఫినును ఉంచుటయే మానిన కాలమొకటి గడచినది. 2014లో ఆ చట్టమును సవరించి, గుర్తింపుపొందిన వైద్యసంస్థలకు దారి సులభము చేసిరి. అయినను ‘అది మత్తుమందు, అలవాటు పడుదురు, ఆయువు తగ్గును’ అను అపోహలు పోలేదు. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి తగిన మోతాదులో ఇచ్చిన మార్ఫిను ప్రాణము తీయదు, నిద్ర నిచ్చును. ఉద్దానమువారు మరొక జాగ్రత్త నెరుగవలెను: మూత్రపిండములు చెడినవారిలో మార్ఫినునుండి పుట్టు పదార్థములు బయటికి పోక శరీరములో పేరుకొని మగతను, కండరముల అదురును కలిగించును. కావున మోతాదు తగ్గించుటయో, చర్మముపై అంటించు ఫెంటానిలు పట్టీ వంటి వేరు మందునకు మారుటయో వైద్యుడు నిర్ణయింపవలెను. మందు వ్రాయించుకొనునపుడు క్రియాటినైను కాగితమును చూపుట మరువకుడు.

కూతురు ఒక రూళ్లపుస్తకము పెట్టినది. ఎడమప్రక్క మందువేళ, కుడిప్రక్క నొప్పికి పదింట ఎన్ని మార్కులో తండ్రి చెప్పినట్లు వ్రాసెడిది. జీవితమంతయు దిద్దుటలో గడపిన మాష్టారు ఇందునను చేయి బిగించియే యుండిరి. పక్క మార్చునపుడు పండ్లు బిగబట్టియు “పదికి ఆరు” అనిరి, బిళ్ల పనిచేసిన గంటకు, “రెండు. ఉత్తీర్ణత లేదు” అని నవ్విరి. ఆ పుస్తకమును చూచియే వైద్యుడు మోతాదు సరిచేసెడివాడు. పెద్దచదువు లేకున్నను ఎవరైనను పెట్టదగిన పుస్తకమది.

కడపటి దినములలో ఇంటివారిని కలవరపెట్టునవి రెండు. మొదటిది అన్నము. రోగి తినుట మానినపుడు, తినక చచ్చిపోవుచున్నాడని బలవంతముగా నోటిలో గంజి పోయుదురు. శరీరము తన పనులను ఒక్కొక్కటిగా ముగించుకొనుచున్నది గావుననే ఆకలి పోయినది; అట్టివేళ బలవంతముగా పోసిన గంజి ఊపిరితిత్తులలోనికి పోవును. తడిగుడ్డతో పెదవులు తుడుచుట, నాలుకపై రెండు చుక్కలు వేయుట చాలును. రెండవది రక్తస్రావము. ప్లేట్‌లెట్లు తగ్గినవారికి చిగుళ్లనుండి, ముక్కునుండి రక్తము కారవచ్చును. మంచము ప్రక్క ముదురురంగు తువాళ్లు, దుప్పట్లు ఉంచుకొనుమని ఈ సేవలో ఆరితేరిన నర్సులు చెప్పుదురు. తెల్లగుడ్డపై రక్తము చూచి రోగియు, పిల్లలును బెదరకుండుటకు. ఇంత చిన్న ఉపాయము ఎంతటి భయమును తప్పించునో చూచినవారికే తెలియును. ఇక సేవచేయువారికి వారములో ఒక రాత్రియైనను పూర్తినిద్ర దొరకునట్లు బంధువులు వంతులు వేసికొనవలెను. పలుకరింపునకు వచ్చి కాఫీలు త్రాగి పోవుటకంటె అది గొప్ప పరామర్శ.

‘చికిత్స మానుట నేరము కాదా?’ అని కొందరడుగుదురు. కాదు. గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమేయని సుప్రీముకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. నయముకాని స్థితిలో తనకు ఏ చికిత్సలు వలదో మనిషి ముందుగానే వ్రాసి యుంచుకొనవచ్చుననియు అంగీకరించినది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభముచేసి, ఇరువురు సాక్షుల యెదుట సంతకముచేసి, నోటరీచేత గాని గెజిటెడు అధికారిచేత గాని ధ్రువపరచుకొనిన చాలునని చెప్పినది. ప్రాణము తీయుటకు మందిచ్చుట నేటికిని నేరమే. ఫలములేని చికిత్సను రోగి నిరాకరించుట అతని హక్కు. ఈ రెంటిని కలిపివేయరాదు. మాష్టారు తమ కోరికను స్వహస్తముతో వ్రాసిరి గనుక, ఆ తరువాత వారి పిల్లలు ఒకరినొకరు నిందించుకొను అవసరము రాలేదు. ఆస్తి పంపకములకు వీలునామా వ్రాయు మనము ఈ కాగితము వ్రాయుటకు ఏల జంకవలెను?

ధనమును గూర్చి ఒక్క మాట. 2007 ఏప్రిలు 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళమొకటి. ఆ పథకము ఆసుపత్రి ఖర్చును చాలవరకు మోసినది. కాని ప్రయాణములు, బస, పోయిన కూలి ఇంటివారే మోయుదురు. 2018 అక్టోబరు 11నాటి తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడితోటలు కూలిపోయి, మరల మొక్కలు నాటి కాపునకై ఎదురుచూచుచున్న కుటుంబము, ఫలింపదని వైద్యుడే చెప్పిన చికిత్సకై మిగిలిన తోటను తాకట్టు పెట్టుట ఆ తండ్రి కోరునదేనా? అతనిని అడిగి చూడుడు.

ఇక నా మనవి. డయాలిసిస్ అనునది ఈ ప్రాంతమున ఎవరికిని తెలియని కాలమొకటి యుండెను. ప్రజలు మొరపెట్టగా, పత్రికలు వ్రాయగా, సోంపేట, పలాస మొదలగు చోట్ల కేంద్రములు వచ్చినవి. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరచిరి. అడిగిన వచ్చునని మనమెరుగుదుము. కావున, ఆ ఆసుపత్రిలో నొప్పినివారణకును, కడపటి సంరక్షణకును ఒక విభాగము నడపుమని, ఇంటికి పోవు నర్సును నియమింపుమని ప్రభుత్వమునడుగుదము. అది క్యాన్సరు రోగులకే గాదు. ఇక డయాలిసిస్ చేయించుకొనలేమని అలసిన మన కిడ్నీరోగులకును అంతే అవసరము.

ప్రభుత్వము చేయులోపల మనము చేయదగినది కొంత కలదు. కేరళమున ఊరూర ఈ సేవను నిలిపినవారు వైద్యులు మాత్రమే గారు. వారమునకు రెండు గంటలు ఇయ్యగల ఆటోడ్రైవర్లు, కాలేజి విద్యార్థులు, గృహిణులు, దుకాణదారులు. వారు శిక్షణ పొంది, రోగి ఇంటికి పోయి, పుండు కడుగుట, మందు తెచ్చిపెట్టుట, ఇంటి ఇల్లాలు ఒక గంట నిద్రించుటకు మంచము ప్రక్కన కూర్చుండుట వంటి పనులు చేసిరి. రక్తదాతలు, వాహనము గలవారు, ప్రక్కన కూర్చుండగల ఓపిక గలవారు మన ఇచ్ఛాపురమున లేకపోలేదు.

అట్టివారి పేర్లకై వాకిట బల్లమీద ఒక జాబితా ఉంచితిమి. దయచేసి పోవునపుడు సంతకము చేయుడు. పేరుతోబాటు ఏ వారము, ఏ పూట రాగలరో కూడ వ్రాయుడు. ‘వీలైనపుడు’ అని వ్రాసిన పేర్లను మేము లెక్కలోనికి తీసికొనము. రోగికి అట్టి పేర్లతో ప్రయోజనము లేదు.